మొగానికి తగిన చలవ కళ్ళజోడు

రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో ఒంటిని కాపాడుకోవటానికి మనిషి చేయని ప్రయత్నం ఉండదు. తలకు గొడుగు, కాళ్ళకు చెప్పులు, కడుపుకు మజ్జిగ, జేబులో ఉల్లిపాయ. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లే ఇళ్ళు తగ్గిపోయాయిగాని, వాటి స్థానంలో కూలర్లూ, ఏ.సి.లూ వచ్చాయి. ఇంత హంగామాలోనూ మనం మరచిపోయే అవయవం ఒకటి ఉంది. మిట్టమధ్యాహ్నం నడివీధిలో నిలబడ్డప్పుడు ఒంటికి బట్ట ఉంటుంది. కళ్ళకు మాత్రం రెప్పలే గతి.

ఈమధ్య ఆ లోటు కొంత తీరుతున్నట్టే కనిపిస్తుంది. ఏ పట్నంలో చూచినా, ఎండలు ముదిరేసరికి రోడ్డుపక్కన స్టాండ్లకు వరసలు వరసలుగా నల్ల కళ్ళజోళ్ళు వేలాడుతూ ఉంటాయి. కాలేజీ కుర్రవాళ్ళ సంగతి సరేసరి, ఇల్లాళ్ళూ, పిల్లలూ కూడా పెట్టుకుంటున్నారు. సంతోషమే. గాని కొనేటప్పుడు మనం చేసే పని ఏమిటి? కొట్టువాడి చేతి అద్దంలో ఒకసారి మొగం చూచుకుంటాము. పక్కనున్నవాళ్ళు "బాగుంది" అంటే కొంటాము. "గుడ్లగూబలా ఉన్నావు" అంటే మారుస్తాము. మొగానికి ఏది నప్పుతుందో తెలుసుకోవటం మంచిదే. అదెలాగో ఈ వ్యాసంలో చెప్పబోతున్నాను. కాని అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అది అడగకుండా కొన్న కళ్ళజోడు మొగానికి ఎంత అందమిచ్చినా, కంటికి అపకారం చేయవచ్చును.

అద్దం లేని కళ్ళజోడు

నల్లద్దాలు సినిమావాళ్ళు కనిపెట్టినవి కావు. ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ జాతివారు మంచుమీద పడి తిరిగివచ్చే వెలుగును తట్టుకోవటానికి ఎముకతోనూ, దంతంతోనూ, కొయ్యతోనూ కళ్ళకు కప్పులు చేసుకుని, చూపు కోసం వాటికి సన్నని చీలికలు పెట్టుకునేవారు. అద్దమే లేని కళ్ళజోడన్నమాట! చైనాలో పూర్వం పొగరంగు స్ఫటికపు పలకలు ఉండేవనీ, న్యాయాధికారులు తమ మనసులోని మాట ఎదుటివారికి తెలియకుండా వాటి చాటున కళ్ళు దాచుకునేవారనీ చెబుతారు.

1929లో శామ్ ఫాస్టర్ అనే ఆయన అమెరికాలో అట్లాంటిక్ సిటీ సముద్రతీరాన చవక కళ్ళజోళ్ళు అమ్మటం మొదలుపెట్టిన తరవాత అవి సామాన్యుల చేతికి వచ్చాయి. 1930లలో ఎడ్విన్ లాండ్ అనే శాస్త్రజ్ఞుడి పోలరాయిడ్ పొర కళ్ళజోళ్ళలోకి ఎక్కింది. నీటిమీదా, రోడ్డుమీదా మెరిసే తళతళను అది అణచివేస్తుంది. విమానచోదకుల కోసం నీటిబొట్టు ఆకారంలో తయారైన 'ఏవియేటర్' ఆ దశాబ్దంలోనిదే. దళసరి ప్లాస్టిక్ ఫ్రేముతో 'వేఫేరర్' 1950లలో వచ్చింది. ఈనాడు మన బజారులో వేలాడే కళ్ళజోళ్ళు చాలామట్టుకు ఈ రెండింటి పిల్లలూ, మనవలూ.

మన దేశంలో మాత్రం చాలాకాలం నల్లద్దాలు మూడు తెగలవారికే చెల్లుబాటు. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న తాతయ్యలు, సినిమా నటులు, ఫోటోకు నిలబడే కొత్త పెళ్ళికొడుకులు. నాలుగో తెగ కూడా ఉందనుకోండి, మద్రాసు ముఖ్యమంత్రులు! రాజాజీని, ఎం.జి. రామచంద్రన్‌ను, కరుణానిధిని నల్లద్దాలు లేకుండా ఊహించుకోవటం కష్టం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం విడివడేనాటికి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీయే కనుక, మన జిల్లాలవారికి కూడా ఆ అద్దాలు పరిచయమే. ముగ్గురివీ మూడు రకాల మొగాలు. ఒకరి జోడు మరొకరికి తగిలిస్తే కార్టూను గీసేవాళ్ళు తికమకపడతారు. కళ్ళజోడు మొగంలో భాగమైపోవటమంటే అదే.

ముందు కన్ను, తరవాత మొగం

సూర్యకాంతిలో మనకు కనిపించే వెలుగుతోబాటు, కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. ఎండలో ఒళ్ళు కమిలేది వీటివల్లనే. ఏళ్ళతరబడి ఇవి కంటిమీద పడుతూంటే లోపలి కటకం మసకబారి శుక్లం రావటానికి దోహదం చేస్తాయి. తెల్లగుడ్డు మీద ముక్కువైపు నుంచి పలచని కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకటం చూచే ఉంటారు. ఎండలో పనిచేసేవారిలో అది ఎక్కువ. దానికీ ఈ కిరణాలతో సంబంధం ఉంది.

'షావుకారు', 'మిస్సమ్మ' చిత్రాల దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి పేరున హైదరాబాదులో 1987లో నేత్రవైద్య సంస్థ వెలసిన సంగతి పాఠకులకు తెలుసు. ఆ సంస్థవారు 1996 నుంచి 2000 వరకు నాటి ఆంధ్రప్రదేశ్‌లో నేత్రవ్యాధుల అధ్యయనం ఒకటి జరిపారు. అంధత్వానికి అన్నిటికంటే పెద్ద కారణం శుక్లమేనని అందులో తేలింది. శుక్లానికి ముఖ్యకారణం వయసు. ఎండ ఒక్కటే కాదు. కాని వయసును ఆపటం మన చేతిలో లేదు. ఎండను కొంతవరకు ఆపవచ్చును.

ఎలా ఆపాలి? నల్లటి అద్దం పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మనం 'చలవ కళ్ళజోడు' అని ముద్దుగా పెట్టుకున్న పేరులోనే చిక్కు ఉంది. చలవగా అనిపించటం వేరు, కాపుదల వేరు. ఎండలో మనం కళ్ళు చికిలిస్తాము, కంటిపాప చిన్నదవుతుంది. అది ప్రకృతి ఇచ్చిన రక్షణ. నల్లద్దం పెట్టగానే కంటికి చీకటిగా తోచి, పాప పెద్దదవుతుంది, చికిలించటం మానేస్తాము. ఆ అద్దం కేవలం రంగు ప్లాస్టిక్ ముక్కయి, కనిపించని కిరణాలను లోపలికి వదిలేదైతే, ఏమీ పెట్టుకోనప్పటికంటే ఎక్కువ కిరణాలు లోపలికి చేరవచ్చును. కాపలావాడికి జోలపాడి తలుపు బార్లా తెరిచినట్టు!

పోతే, ఈనాటి మంచి పాలీకార్బొనేట్ అద్దాలు ఏ రంగూ లేకపోయినా ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతాయి. అంచేత కాపాడేది నలుపు కాదని తెలుస్తూనే ఉంది. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న: "యు.వి. 400 ఉందా?" అంటే 400 నానోమీటర్ల వరకూ ఉన్న అతినీలలోహిత కిరణాలన్నిటినీ ఆపుతుందా అని. నానోమీటరంటే మీటరులో నూరుకోట్లవ వంతు. అద్దం మీద చీటీ అంటించి ఉంటుంది. చీటీలు అచ్చువేయటం ఎవరికైనా సులువే. కొన్ని కళ్ళజోళ్ళ దుకాణాలలో ఈ కిరణాలను కొలిచే చిన్న యంత్రం ఉంటుంది. మొగమాటపడకుండా కొలిచి చూపించమనండి. ఒక్క నిమిషం పని. ఇంట్లో ఉన్న పాతవి కూడా పట్టుకువెళ్ళి చూపించుకోవచ్చును.

నలుపుకు కూడా అంతర్జాతీయంగా ఒక లెక్క ఉంది. 0 నుంచి 4 వరకు అయిదు తరగతులు. 2వ తరగతి అద్దం నూటికి 18 నుంచి 43 పాళ్ళ వెలుగును లోపలికి వదులుతుంది. మబ్బు పట్టిన రోజుకు, సాయంకాలపు ఎండకు చాలు. 3వ తరగతి 8 నుంచి 18 పాళ్ళు వదులుతుంది. మన వేసవికి తగినది ఇదే. 4వ తరగతి 3 నుంచి 8 పాళ్ళే వదులుతుంది, అది మంచుకొండలకు. దానితో బండి నడపకూడదు. ఎంత నలుపైతే అంత మేలన్న మాట నిజం కాదు.

రంగులలో బూడిదరంగు లోకాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. గోధుమరంగు వస్తువుల అంచులను స్పష్టంగా చూపుతుంది. ఆకుపచ్చ కూడా కంటికి హాయే. నీలం, గులాబీ సరదాకు. పోలరైజ్డ్ అద్దాలైతే బండి నడిపేవారికి తారురోడ్డు తళతళ తగ్గుతుంది. వాటిని పరీక్షించటానికి అటువంటివే రెండు జోళ్ళు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకదాన్ని అడ్డంగా తిప్పండి. నిజమైనవైతే రెండూ కలిసిన చోట చీకటి కమ్ముతుంది. అయితే పోలరైజ్డ్ వేరు, యు.వి. రక్షణ వేరు, రెండూ ఉన్నాయా అని అడగాలి. చివరి పరీక్ష: కళ్ళజోడును చేయి చాచి దూరంగా పట్టుకుని, ఒక అద్దంలోంచి తలుపు నిలువుకమ్మిని చూస్తూ అటూ ఇటూ కదిలించండి. కమ్మి వంకరలు తిరిగితే ఆ అద్దం పెట్టుకున్నవారికి తలనొప్పి ఖాయం.

మీ మొగం ఏ ఆకారం?

కంటికి కావలసింది తేలింది కనుక, ఇహ మొగం సంగతి. మన ప్రబంధకవులు నాయిక మొగాన్ని చంద్రబింబంతో పోల్చి తృప్తిపడ్డారు. వారి లెక్కన తెలుగుదేశంలో ఉన్నవన్నీ గుండ్రటి మొగాలే కావాలి! తెలుగు పాఠం చెప్పేవాడిగా ఆ పోలిక నాకు ప్రియమే గాని, కళ్ళజోడు కొనేటప్పుడు మాత్రం పనికిరాదు.

జుట్టు వెనక్కి దువ్వి కట్టి, అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసి, తల కదపకుండా, తడి సబ్బుముక్కతో మీ మొగం అంచు వెంబడి అద్దం మీద గీత గీయండి. పక్కకు తప్పుకుని ఆ గీతను చూడండి. నుదురు, చెక్కిళ్ళు, దవడలు, ఈ మూడింటిలో ఏది వెడల్పు? మొత్తం పొడుగు ఆ వెడల్పుకు ఎంత మించింది? ఇంతే ప్రశ్న. సూత్రం కూడా ఒక్కటే: ఫ్రేము మొగానికి నకలు కాకూడదు, మొగంలో లేనిదాన్ని అది ఇవ్వాలి.

గుండ్రటి మొగానికి కోణాలు కావాలి. ఎత్తుకంటే వెడల్పు ఎక్కువగా ఉన్న దీర్ఘచతురస్రపు ఫ్రేము చెక్కిళ్ళ నిండుదనాన్ని కొంత సన్నం చేస్తుంది. చిన్న గుండ్రటి అద్దాలు పెడితే పున్నమి చంద్రుడి మీద మరో ఇద్దరు చంద్రులు వెలసినట్టుంటుంది.

నలుచదరపు మొగానికి, అంటే వెడల్పు నుదురు, గట్టి దవడలు ఉన్నవారికి, వంపు తిరిగిన ఫ్రేము కావాలి. గుండ్రటివి, కోలగా ఉన్నవి, ఏవియేటర్లు వీరికి నప్పుతాయి. పలకల్లాంటి దళసరి ఫ్రేములు వీరి మొగాన్ని మరింత కఠినంగా చూపిస్తాయి.

పొడుగు మొగానికి ఎత్తయిన పెద్ద అద్దాలు మేలు. కాడలు కాస్త దళసరిగా, రంగుగా ఉంటే మొగానికి వెడల్పు వచ్చినట్టు తోస్తుంది. సన్నగా పట్టీలా ఉన్న జోడు పొడుగును రెట్టిస్తుంది.

తమలపాకు మొగం, అంటే నుదురు వెడల్పుగా, గడ్డం కోసుగా ఉన్నవారికి, పై అంచు తేలికగా, కింద వెడల్పుగా ఉన్నవి కుదురుతాయి. ఇక్కడ కూడా ఏవియేటరు పనికివస్తుంది. దీనికి తలకిందులుగా, నుదురు చిన్నదై దవడలు వెడల్పైన వారికి పై అంచు బరువుగా ఉండి, చివరలు పైకి లేచిన 'పిల్లికన్ను' ఫ్రేము నప్పుతుంది.

కోలమొగంవారు అదృష్టవంతులు. వారికి దాదాపు అన్నీ నప్పుతాయి. కొలత చూచుకుంటే చాలు.

ఇవి దర్జీ సలహాలవంటివి, వేదవాక్యాలు కావు. ఆకారంకంటే అమరిక ముఖ్యం. ఫ్రేము వెడల్పు మొగం వెడల్పుకు ఇంచుమించు సమానంగా ఉండాలి. పై అంచు కనుబొమ్మల వెంట నడవాలి. లేకపోతే రెండు జతల కనుబొమ్మలు కనబడతాయి. పెట్టుకుని గట్టిగా నవ్వండి. చెక్కిళ్ళు తగిలి జోడు పైకి లేచిందా, అది మీది కాదు. ముక్కుదూలం ఎత్తు లేనివారికి ప్లాస్టిక్ ఫ్రేము జారిపోతూ ఉంటుంది. వంచి సరిచేయటానికి వీలైన ముక్కుదిండ్లు ఉన్నది తీసుకోవాలి. మాటీలు పెట్టుకునేవారూ, హెల్మెట్టు పెట్టుకునేవారూ సన్నని, తిన్నని కాడలు చూచుకోవాలి.

కాడ లోపలివైపు చిన్న అంకెలు కనబడతాయి. 52, తరవాత ఒక చిన్న చదరం, 18, ఆ తరవాత 140 అని ఉందనుకోండి. అద్దం వెడల్పు 52 మిల్లీమీటర్లు, ముక్కుమీద వంతెన 18, కాడ పొడుగు 140 అని అర్థం. మీకు చక్కగా అమరిన జోడు అంకెలు ఒకసారి రాసి పెట్టుకుంటే, ఇంకెప్పుడూ వెతుకులాట ఉండదు.

అందానికీ, రక్షణకూ ఒక్కచోట చుట్టరికం ఉంది. కిరణాలు ఎదురుగానే కాక పక్కల నుంచీ, పైనుంచీ కూడా వస్తాయి. అంచేత మీ మొగానికి నప్పేవాటిలో కాస్త పెద్దది, మొగానికి దగ్గరగా కూర్చునేది ఎంచుకోండి.

ఇంట్లో ఎవరికి కొనాలి?

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న ఇదే. కిందటి వేసవిలో విజయవాడ బీసెంటు రోడ్డు దగ్గర ఒక కళ్ళజోళ్ళ దుకాణానికి ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్ళాను. మా మేనకోడలిది గుండ్రటి మొగం. దానికి గుండ్రటి అద్దాల మీదనే మోజు.

"మామయ్యా, ఇప్పుడందరూ ఇవే పెట్టుకుంటున్నారు!" అంది.

దుకాణదారు ఏమీ అనకుండా దీర్ఘచతురస్రపు జోడొకటి చేతికిచ్చి అద్దం చూపించాడు. పిల్ల ఆ జోడు మళ్ళీ తీయలేదు. మా ఆవిడ స్కూటరు మీద ఉద్యోగానికి వెళుతుంది కనుక, హెల్మెట్టులో ఇమిడేది చూచుకుంది.

మా అమ్మ సంచులు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. అసలు ఆ ప్రయాణం ఆవిడ కోసమే. చెబితే బయలుదేరదని చెప్పలేదు.

"అమ్మా, నువ్వూ ఒకటి పెట్టి చూడు."

"నాకెందుకురా, ఈ వయసులో సోకులు! చూచినవాళ్ళు నవ్విపోతారు."

దుకాణదారు అందుకున్నాడు. "అమ్మగారూ, మీ ఇంట్లో మేడమీద వడియాలు పెట్టేదెవరండీ?"

"నేనే నాయనా. కోడలు ఉద్యోగానికి పోతుందిగా. పెట్టేదీ, కాకుల్ని తోలేదీ నేనే."

"ఎంతసేపండీ?"

"పొద్దుటినుంచీ ఎండ వాలేదాకా."

ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు ఎండలో ఉండేది డెబ్భయ్యేళ్ళ మనిషి. ఒక కంటికి శుక్లం ఆపరేషనయింది, రెండో కంట్లో మొదలయింది. దుకాణదారు ఆవిడ మామూలు కళ్ళజోడు తీయనక్కరలేకుండా, దానిమీదనే తొడుక్కునే గోధుమరంగు పెద్దజోడు ఇచ్చాడు. అమ్మ వీధి గుమ్మంలోకి వెళ్ళి ఎండలోకి చూచింది. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "కళ్ళ నీళ్ళు రావటంలేదురా" అంది. మొగానికి నప్పిందో లేదో ఆవిడ అడగనే లేదు.

మన ఇళ్ళలో ఇది మామూలే. చలవ కళ్ళజోడు అంటే సోకు అనుకుంటాము కనుక, సోకు చేసుకునే ఈడువారికే కొంటాము. ఎండలో పనిచేసేవారికి దాని అవసరం ఉందని తోచదు. మా కాలేజీలో ఒక అమ్మాయి పల్లెనుంచి స్కూటీ మీద వస్తుంది. ఊరి పొలిమేర దాటాకగాని చలవ కళ్ళజోడు పెట్టుకోదు, తిరిగి వెళ్ళేటప్పుడు పొలిమేరలోనే తీసేస్తుంది. ఊళ్ళో పెట్టుకుంటే "టెక్కు" అంటారట. వానలో గొడుగు వేసుకున్న ఆడపిల్లను ఎవరూ టెక్కు అనరు. ఎండలో కంటికి గొడుగు వేసుకుంటే ఎందుకనాలి?

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పసివాళ్ళ కంటి కటకం తేటగా ఉంటుంది. పెద్దవాళ్ళ కంటికంటే ఎక్కువ కిరణాలను లోపలికి వదులుతుంది. తిరనాళ్ళలో కొనే బొమ్మ కళ్ళజోడు ఆటకే గాని, ఎండకు కాదు. అంచు వెడల్పయిన టోపీ, నిజమైన యు.వి. 400 అద్దాలు, ఈ రెండూ కలిస్తే మంచిది.

మరి రెండు హెచ్చరికలు. ఎంత మంచి చలవ కళ్ళజోడైనా దానితో సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, గ్రహణం నాడు అసలే కూడదు. చీకటి పడ్డాక పెట్టుకుని బండి నడపకూడదు. ఇక తుడిచేటప్పుడు చీరచెంగూ, చొక్కా కొనా వద్దు. నీళ్ళతో దుమ్ము కడిగి మెత్తని గుడ్డతో అద్దాలి. ఎండలో నిలిపిన కారులో వదిలిపెడితే ఫ్రేము వంకరపోతుంది. విప్పినప్పుడు పెట్టెలో పెట్టండి.

ఈ వేసవికి చలవ కళ్ళజోడు కొనాలనుకునేవారు బజారుకు బయలుదేరేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. మన ఇంట్లో ఎవరు ఎంతసేపు ఎండలో ఉంటున్నారు? మేడమీద, బస్‌స్టాపులో, బండిమీద, పొలంలో. అందరికంటే ఎక్కువసేపు ఉండేవారి పేరు ముందు రాయండి. కొనటం ఆ పేరుతో మొదలుపెట్టండి. మొగం ఆకారం సంగతి అక్కడ అద్దం ముందు నిలబడ్డాక చూచుకోవచ్చును.